గొంతు మీద కప్పిన లేసు

వాల్యెవో ఊళ్ళో ముసలి కొసారా ఇంట పొద్దున జరిగే మొదటి పని కిటికీలు మూయడం. ఉక్కగా ఉందని కోడలు స్లావ్కా రాత్రి ఒక రెక్క తీసి పడుకుంటుంది. తెల్లారేసరికి ముసలావిడ గోడ తడుముకుంటూ వచ్చి దాన్ని మూసేస్తుంది. ఆవిడ కళ్ళకి వెలుగూ నీడా తప్ప ఇంకేమీ ఆనవు గానీ, గాలి ఏ సందులోంచి దూరుతోందో ఇట్టే పసిగడుతుంది. ఎదురు గాలి కొడితే మెడ పట్టేస్తుందనీ, చెవి పోటు వస్తుందనీ మా ఊళ్ళో పసిపిల్లకి కూడా తెలుసు. నడివేసవిలో బస్సులో ఉడికిపోతామే తప్ప కిటికీ తీసే పాపం మూటగట్టుకోం.

రెండో పని రొట్టె మీంచి లేసు గుడ్డ తీయడం. ఆదివారం కాల్చిన మొక్కజొన్న రొట్టె బుధవారం పొద్దున కూడా అప్పుడే పొయ్యిలోంచి తీసినట్టు పొగలు కక్కుతూ ఉండేది. కొసారా అల్లిన లేసు కింద పెట్టింది ఏదీ చల్లారదు. ఆసుపత్రిలో నెలలు నిండని పిల్లల మీద కప్పడానికి కొన్ని, చలికాలం చీకటితో బండి తీసే డ్రైవర్ల మోకాళ్ళకి కొన్ని, పెళ్ళిళ్ళకి కొన్ని, అలా అల్లినవన్నీ ఊరికి పంచేసింది. ఇప్పుడు వేళ్ళు ముడులు పడి సూది పట్టుకోలేదు. ఇంట్లో మిగిలింది ఆ రొట్టె మీది గుడ్డ ఒక్కటే, అరచేతి కంటే కాస్త పెద్దది, లాగితే చుట్టూ సాగుతుంది.

మూడో పని మాట్లాడటం. అది కొడుకు మిలుతిన్‌ది.

మిలుతిన్ బస్టాండులో అనౌన్సరుగా చేశాడు. బెల్‌గ్రేడ్ బస్సు మూడో ప్లాట్‌ఫారం మీద ఉందని ఆయన మైకులో చెబితే, ఏటి అవతల బట్టలారేసే ఆడవాళ్ళు కూడా చేతిలో పని ఆపి వినేవారు. ప్రయాణం లేనివాళ్ళకి కూడా ఎక్కడికైనా వెళ్ళాలనిపించే గొంతు. జబ్బు వచ్చి సరిగ్గా అక్కడే కూచుంది. ఆపరేషన్ చేసి గొంతు తీసేసే ముందు ఆసుపత్రిలో మాటలు నేర్పే డాక్టరమ్మ ఆయన చేత పేజీలకి పేజీలు చదివించి, ఆ గొంతుని ఒక ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించింది. ఆయన టైపు చేస్తే అది పలుకుతుంది, ఆయన గొంతుతోనే, బస్టాండు నాటి గొంతుతోనే.

"లేచావా అమ్మా? నిద్ర పట్టిందా?" అని పొద్దున్నే బల్ల మీంచి ల్యాప్‌టాప్ అడిగేది.

"పట్టింది నాయనా. నువ్వేమైనా తిన్నావా?" అని కొసారా బల్లకేసి తిరిగి జవాబు చెప్పేది.

మిలుతిన్ కూర్చునేది గది ఈ చివర కుర్చీలో, విడి కీబోర్డు ఒళ్ళో పెట్టుకుని. మెడ మీది రంధ్రం లోంచి ఊపిరి వచ్చిపోవడం తప్ప ఆయన దగ్గర ఇంకో అలికిడి లేదు. ఆపరేషన్ సంగతి అమ్మకి అందరూ విడమరిచి చెప్పారు, ఆవిడ విని తలూపింది కూడా. కానీ చూపు లేనివాళ్ళకి గొంతు ఎక్కడుంటే మనిషి అక్కడే. ఆవిడ వెళ్ళి ల్యాప్‌టాప్ మూత నిమిరేది, దాని పక్కన ప్లేటులో రొట్టె ముక్క పెట్టేది. మిలుతిన్ లేచి ఆ ముక్క తెచ్చుకుని కుర్చీలో కూర్చుని తినేవాడు. అలా తింటున్నప్పుడు ఆయనకి ఎంత బాధగా ఉండేదో స్లావ్కాకి తెలుసు. ఆవిడ అటు చూసేది కాదు.

సొంతంగా మాట్లాడే దారి లేకపోలేదు. గాలి మింగి, తేన్పులా పైకి తెచ్చి, దాన్ని మాటగా మలచడం డాక్టరమ్మ నేర్పబోయింది. "మీ గొంతు కండరాలు బిగుసుకుపోయాయి. వెచ్చగా సడలితేనే మాట వస్తుంది," అని వేడి గుడ్డ పెట్టేది. గుడ్డ చల్లారగానే గొంతు మళ్ళీ బిగిసేది. ఒక రోజు ఏదో శబ్దం వచ్చింది. తన శబ్దం తనే విని మిలుతిన్ టోపీ పెట్టుకుని ఇంటికొచ్చేశాడు, మళ్ళీ వెళ్ళలేదు. అంత గొంతు ఉన్న మనిషికి ఆ కూత తనదని ఒప్పుకోవడం చావుతో సమానం.

ఆ వసంతంలో ఒక పొద్దున స్లావ్కా రొట్టె ముట్టుకుంటే చల్లగా రాయిలా తగిలింది. లేసు లేదు. ఎలకలు లాక్కెళ్ళాయేమోనని అలమరా అంతా వెతికింది. తీరా చూస్తే అది బల్ల మీద, వెలుగుతున్న ల్యాప్‌టాప్‌కి నాలుగు వైపులా సందు లేకుండా చుట్టి ఉంది. రాత్రంతా అలాగే ఉన్నట్టుంది. స్లావ్కా లాగి తీసేలోగానే తెర ఒకసారి తెల్లబడి, నల్లబడి, మరి వెలగలేదు.

"అత్తయ్యా! దీని మీద ఎందుకు కప్పావు?"

"గాలి కొడుతోందే. లోపల చిన్న ఫ్యాను తిరుగుతూ మొహాన గాలి ఊదుతోంది, నువ్వు విన్లేదా? వాడసలే ఆపరేషన్ అయినవాడు."

స్లావ్కా నోటికొచ్చింది అనబోయి, ల్యాప్‌టాప్ మూత నిమురుతున్న ఆ వంకర వేళ్ళని చూసి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ల్యాప్‌టాప్ కంపెనీకి ఫోన్ చేస్తే నాలుగో రోజున ఓగ్న్యెన్ అనే మెకానిక్ వచ్చాడు. మా ఊరి కుర్రాడే. స్లావ్కా ఇచ్చిన ఇంటి చెప్పులు తొడుక్కుని, కాఫీ తాగి, మరలు విప్పి లోపల చెయ్యి పెట్టి చూశాడు.

"ఆగిపోయింది ఎప్పుడన్నావు పిన్నీ?"

"గురువారం."

"ఇంకా గోరువెచ్చగా ఉంది. మామ్మ లేసా? అయితే ఇంకేం. నేను పుట్టినప్పుడు నా మీద కప్పింది కూడా మా అమ్మ దాచుకుంది." అతను లైటు వేసి బోర్డు మీద ఒక చోట వేలు పెట్టాడు. "ఇదిగో, ఇక్కడ టంకం చీలింది. బోర్డు మార్చాలి. దాచినవన్నీ ఈ బోర్డుకే అతుక్కుని ఉంటాయి, బోర్డు పోతే అవీ పోతాయి. బాబాయ్ గొంతుకి కాపీ ఉందా?"

స్లావ్కా తల అడ్డంగా ఊపింది. "కాపీ తీసిస్తాను, పట్టుకురమ్మని డాక్టరమ్మ అంది. ఆవిడ దగ్గర ఉన్నది అప్పట్లోనే చెరిపేశారట. వచ్చే వారం, వచ్చే వారం అంటూ మేమే..."

"దీన్నించి తీయలేమా అంటావా? ఒక్కోసారి వేడెక్కితే చీలిక దగ్గరపడి కాసేపు వెలుగుతుంది. కాపీ చేసేంత ఓపిక దానికి ఉండదు, ఆ బరువుకి మొదట్లోనే చచ్చిపోతుంది. ఒకసారి అలా వెలిగి ఆరిందంటే ఇక అంతే." అతను మరలు బిగించాడు. "వారంటీ ఈ నెలాఖరుదాకానే ఉంది. లోపలివన్నీ పోయినా ఫరవాలేదని యజమాని కంపెనీకి ఫోన్‌లో చెప్పాలి. రికార్డు చేసుకుంటారు. అప్పుడే కొత్త బోర్డు పంపుతారు."

"యజమాని చెప్పాలా?"

"నోటితో," అన్నాడు ఓగ్న్యెన్. అప్పుడు కుర్చీలోని మనిషి వంక చూసి తల దించుకున్నాడు. "నేను మాట్లాడేస్తాలే బాబాయ్, మిలుతిన్‌నే అని చెప్పి. ఎవడికి తెలుస్తుంది?" అన్నాడు.

మిలుతిన్ పలక తీసుకుని సుద్దతో రాశాడు: నా పేరుతో ఇంకొకడి గొంతా? వద్దు.

స్లావ్కా వదల్లేదు. మర్నాడు కంపెనీకి ఫోన్ చేసి, ఒకటి నొక్కి, రెండు నొక్కి, వీణ లాంటి ఏదో వాయిద్యం వింటూ బంగాళాదుంపలన్నీ తొక్క తీసేసింది. చివరికి తియానా అనే అమ్మాయి లైన్‌లోకి వచ్చింది.

"అమ్మా, ఆయన మాట్లాడలేడు. గొంతు తీసేశారు."

"అయ్యో, చాలా బాధగా ఉందండీ. ఆయన్ని ఒక్కసారి లైన్‌లోకి పిలుస్తారా?"

"తల్లీ, నీకేం చెప్పాను? గొంతు లేదు!"

"అర్థమైందండీ. పోనీ ఆయన తన అకౌంటు లోంచి రాసి పంపినా చాలు."

"ఆ అకౌంటు ఆ పాడు ల్యాప్‌టాప్‌లోనే తెరుచుకుంటుంది. అది చచ్చింది కాబట్టేగా నీకు ఫోన్ చేసింది!"

అమ్మాయి చెడ్డ పిల్ల కాదు. పైవాళ్ళని అడిగి రేపు తనే చేస్తానంది.

గురువారం నుంచే ఇల్లు మూగబోయింది. ఆ రోజంతా కొసారా బల్ల దగ్గరే కూచుంది. "ఎందుకు పలకడం లేదు? కోపం వచ్చిందా? నేను కప్పింది నీ మంచికే కదరా," అని మూతతో మాట్లాడింది. ఎదురుగా కుర్చీలోంచి కొడుకు లేచాడు, అమ్మ దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. "స్లావ్కా, నాకేం వద్దులే, నువ్వెళ్ళు," అందావిడ. మిలుతిన్ చెయ్యి తీసేసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. గొంతు ఉన్నవాడైతే బిగ్గరగా ఏడ్చేవాడు. ఆయనకి ఏడుపు కూడా వినిపించకుండానే వచ్చింది.

మర్నాడు పొద్దున స్లావ్కా బజారు నుంచి వచ్చేసరికి లేసు మళ్ళీ ల్యాప్‌టాప్ మీద ఉంది. కొసారా తడుముకుంటూ చార్జరు కూడా గుచ్చింది, ఆకలేస్తుందేమోనని. తీగలోంచి వచ్చే ఆ కాస్త వేడీ గుడ్డ కింద పోగుపడుతోంది. ఈసారి స్లావ్కా దాన్ని లాగేయలేదు. పోయేది ఎలాగూ పోయింది అనుకుంది.

కాఫీ పొంగే వేళకి తెర వెలిగింది. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది.

"తియానానండీ. అడిగానండీ, రూల్ మార్చడం కుదరదన్నారు. ఆయన ఒక్క మాట అంటే చాలు..."

"ఆగు తల్లీ, ఆగు! మిలుతిన్!"

మిలుతిన్ కుర్చీలో కూలబడి కీబోర్డు మీదికి వంగాడు. బల్ల మీంచి ఆ నిండు గొంతు లేచింది: "నమస్కారం. నేను మిలుతిన్. ఈ ల్యాప్‌టాప్ యజమానిని."

"వచ్చావా నాయనా!" కొసారా రెండు చేతులూ చాచి బల్ల మీద వాలింది, లేసుని చెంపకి ఆనించుకుంది. "చంపేశావు కదరా నన్ను! ఎక్కడికి పోయావు?"

ఫోన్‌లో అమ్మాయి ఆగి ఆగి అంది. "ఇది... యంత్రం కదండీ మాట్లాడేది? క్షమించండి. రికార్డింగ్ ఒప్పుకోరు, వినేవాళ్ళు కనిపెట్టేస్తారు. మీరు స్వయంగా అనాలి. ఎలా వచ్చినా ఫరవాలేదండీ, నేను ఆగుతాను."

తెర ఒకసారి ఆరి వెలిగింది. మిలుతిన్ దాన్ని చూశాడు. తన గొంతు అక్కడ ఉంది, వేడిగా, ఇంకాసేపు ఉంటుంది. దాని మీద అమ్మ చెంప ఉంది. ఇంత దగ్గరలో అమ్మ, ఇంత దూరంలో తను. ఇప్పుడు ఏదైనా టైపు చేస్తే అది పలుకుతుంది, అమ్మ దానికే జవాబు చెబుతుంది. ఆయనకి ఆ గొంతు మీద మొదటిసారి అసూయ పుట్టింది.

లేచి వెళ్ళి, అమ్మ చెంప కింది నుంచి లేసుని మెల్లగా లాగాడు.

"మిలుతిన్, తీయకు!" అని స్లావ్కా అరిచింది. "ఆరిపోతే ఇక రాదన్నాడు!"

ఆయన గుడ్డని మెడ మీది రంధ్రానికి అడ్డంగా పెట్టుకుని, చివర్లు చొక్కా కాలరులో దోపుకున్నాడు. అల్లిక కన్నాల్లోంచి ఊపిరి ఆడింది. యంత్రం వేడంతా ఆ గుడ్డలోనే ఉంది, అది గొంతులోకి దిగింది, దిగింది దిగినట్టే ఉండిపోయింది. బల్ల మీద తెర నల్లబడింది. కొసారా చేతులు చల్లబడుతున్న మూత మీద తడుములాడాయి.

మిలుతిన్ డాక్టరమ్మ చెప్పినట్టు గాలి మింగాడు. మొదటిసారి ఏమీ రాలేదు. రెండోసారి కప్ప అరిచినట్టు ఏదో వచ్చింది. ఆయన మొహం ఎర్రబడింది, అయినా టోపీ కోసం చూడలేదు. మళ్ళీ మింగాడు.

"నే...ను," అన్నాడు.

బరువైన పెట్టెని నేల మీద ఈడ్చినట్టుంది ఆ మాట. స్లావ్కా ఫోన్ ఆయన నోటి దగ్గర పెట్టి, రెండో చేత్తో తన నోరు మూసుకుంది.

"మీ పేరు చెప్తారా అండీ?" తియానా గొంతు చిన్నదైంది.

"మిలు...తిన్."

బల్ల మీద కొసారా చేతులు ఆగిపోయాయి. ఆవిడ తల ఎత్తింది. మూత వదిలేసి, మెల్లగా మొహం ఇటు తిప్పింది, ఇన్నాళ్ళూ ఎన్నడూ తిప్పని వైపుకి.

"ఎవరది?"

జవాబు కోసం ఆగకుండా అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చింది. ఆ వంకర వేళ్ళు ఆయన చొక్కా పట్టుకున్నాయి, గడ్డం మీదికి పాకాయి, మెడ దగ్గర తమ అల్లికని తామే గుర్తుపట్టాయి. దాని కింద గొంతు కదులుతోంది.

"ఒరేయ్," అంది కొసారా. "ఇక్కడున్నావా నువ్వు?"

"ఇక్క...డే... అమ్మా."

ఆవిడ ఆయన మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. ఫోన్ అవతల అమ్మాయి ముక్కు ఎగబీల్చడం వినిపించింది. తర్వాత ఆ అమ్మాయి, తప్పదు కాబట్టి, అడగాల్సింది అడిగింది.

"బోర్డు మారిస్తే లోపల ఉన్నదంతా పోతుందండీ. తిరిగి రాదు. మీకు సమ్మతమేనా?"

మిలుతిన్ బల్ల మీది నల్లటి తెర వంక ఒకసారి చూశాడు. బస్టాండు, మైకు, మూడో ప్లాట్‌ఫారం, ఏటి అవతలి ఆడవాళ్ళు, అన్నీ అందులోనే ఉన్నాయి. ఆయన గాలి మింగాడు.

"మార్...చండి," అన్నాడు.

కొసారా కొడుకు మెడ మీది లేసుని సర్ది, అంచులు బాగా లోపలికి దోపింది. గాలి ఎటు నుంచి వస్తోందో పసిగట్టడానికి మొహం పైకెత్తింది.

"స్లావ్కా, ఆ కిటికీ మూసెయ్యవే," అంది. "వీడికి గాలి తగులుతోంది."