అరికాళ్లకు వినబడిన సముద్రం

"జర ఇది ఇని చెప్పు," అంటూ సాయిబాబు గోంగూర వలుస్తున్న భార్య తలకు హెడ్‌ఫోన్స్ తగిలించాడు.

ఎవరో ఫ్రెంచి సంగీతకారుడు సముద్రం మీద కట్టిన సంగీతం. పెద్ద వాద్యబృందం కలిసి వాయించేది. దాన్ని దేశదేశాల బృందాలు రికార్డు చేశాయి. వాటిలో ఏది మేలో తేల్చడానికి ఆన్‌లైన్‌లో ఒక రసికుల సంఘం ఆదివారాలు కూడుతుంది. సూర్యాపేటలో ఇంగ్లీషు లెక్చరర్ సాయిబాబు అందులో సభ్యుడు. పాపం, ఆయనకు అన్నీ ఒక్కతీరుగానే వినబడతాయి. త్రివేణికి అలా కాదు. ఇందులో అలలు తొందరపడుతున్నాయి, ఇందులో బూరలు తీగెల గొంతు నొక్కేశాయి అని ఆకు వలుస్తూనే చెప్పేది. ఆయన తలూపేవాడు. ఉప్పూకారం గురించి తప్ప ఆ ఇంట్లో ఇంకెవరూ ఆమె అభిప్రాయం అడగలేదు. అందుకే ఆ కాసేపటి కోసం వారమంతా ఎదురుచూసేది, పిచ్చిది.

ఆ రోజు మూడో రికార్డింగు దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది. డోలు మోత చెవికి అందకముందే ఒళ్లు జలదరించింది. మేళ్లచెరువు గుర్తొచ్చింది. అక్కడ సున్నపురాయి గనిలో రాళ్లు కొట్టిన నాయిన పెంటయ్య, పేలుడుకు ముందు ఆమె చెప్పులు విప్పించి నేల మీద నిలబెట్టేవాడు. "బిడ్డా, ముందు అరికాళ్లకు ఇనవడ్తది, ఎనక చెవులకు," అనేవాడు. ఆ గని దుమ్మే చివరికి ఆయన ప్రాణం తీసింది. అదంతా మొగుడికి చెప్పి, "ఇదే మంచిగున్నది," అంది.

చెప్పాక భయమేసింది కూడా. ఆ ఇంట్లో నాయిన మాట ఎత్తకూడదు. అత్తమామలకు మిర్యాలగూడలో రైస్ మిల్లు ఉంది. అత్త ఆండాలు పెళ్లిపందిట్లోనే చెవిలో వేసింది: "మీ నాయిన ఏం జేసేటోడని ఎవలన్న అడిగితే కంపెనీల సూపర్‌వైజరను. మా ఇజ్జత్ దీయకు." "అమ్మ చెప్పినట్టు ఇను," అన్నాడు సాయిబాబు. అప్పటినుంచీ త్రివేణి ఆ అబద్ధమే ఆడుతోంది. ఆడిన ప్రతిసారీ నాయినను మళ్లీ పూడ్చిపెట్టినట్టుండేది.

ఆదివారం సాయంత్రం ఆయనకు టీ తీసుకుని గదిలోకి వెళ్లింది. లాప్‌టాప్ నిండా ముఖాలు. సాయిబాబు మాట్లాడుతున్నాడు.

"మూడోదే బెస్ట్ అండి. మా నాయిన సున్నపురాయి గనిలో రాళ్లు కొట్టేవాడు. పేలుడుకు ముందు నా చెప్పులు విప్పించి నేల మీద నిలబెట్టేవాడు. ముందు అరికాళ్లకు ఇనవడ్తది బిడ్డా, ఎనక చెవులకు, అనేవాడు."

అవతల ఒక పెద్దాయన కళ్లు తుడుచుకున్నాడు. "ఎంత గొప్ప తండ్రండీ మీకు!"

సాయిబాబు కళ్లూ చెమర్చాయి. అది నటన కాదు. ఆ తడి చూసే త్రివేణికి మతి పోయింది. వేడి టీ చేతి మీద ఒలికినా తెలియలేదు. తన మాటలు వాడుకున్నాడంటే సర్దుకునేదేమో. తను చేసిన వంటను సొంతదిగా చెప్పుకునే అత్తతో సర్దుకోవడం లేదా? కానీ నాయిన! ఎవరి మాట ఎత్తొద్దని తన నోరు మూయించారో ఆ నాయినే, ఈయనకు మెప్పు తెచ్చిపెట్టాడు. సొంత తండ్రి మిల్లులో కాలు మీద కాలేసుకుని కూర్చునుండగా, తనకున్న ఒక్క నాయిననూ ఎత్తుకుపోయాడు.

తర్వాతి వారం సాయిబాబు మళ్లీ హెడ్‌ఫోన్స్‌తో వంటింట్లోకి వచ్చాడు. "కొత్తవి పంపిండ్రు. ఏది మంచిగున్నదో జర ఇని చెప్పు."

త్రివేణి పీట మీంచి లేచింది. ఒట్టి కాళ్లతో బండల మీద నిలబడి, కళ్లు మూసుకుని, అన్నీ చివరిదాకా విన్నది. ఏది మేలో ఆమెకు తెలిసిపోయింది. హెడ్‌ఫోన్స్ తీసి ఆయన చేతిలో పెట్టింది.

"మిల్లుకు ఫోన్ జేసి మీ నాయిననడుగుండ్రి," అంది.