కట్టుడు దంతం

నేను ఒక ఏనుగును. మీరు గుడి ముందు చూసే ఏనుగును కాను, సర్కస్ ఏనుగును అంతకంటే కాను. నా దంతాలు పై దవడ నుంచి ముందుకు పొడుచుకు రావు. కింది దవడ నుంచి దిగి, కాస్త వెనక్కి వంగి, నేలను చూస్తుంటాయి. నా జాతి పేరు డైనోథీరియం. మావాళ్లు ఈ భూమ్మీద తిరిగి లక్షల ఏళ్లు దాటింది, ఇక తిరగరు కూడా. నేను వాళ్లలో ఒకడికి నలభయ్యో వంతు బొమ్మను. బొమ్మ అన్నానని పిల్లలాడుకునేది అనుకునేరు. నా చర్మం మీది ముడతలు ఒక్కసారి దగ్గరగా చూస్తే ఆ మాట మీరే వెనక్కి తీసుకుంటారు.

నన్ను మలిచినవాడు ఏదో చలిదేశపు మనిషి. మా ఎముకల కొలతలు పక్కన పెట్టుకుని, మట్టితో ఒళ్లు కట్టి, సూదితో ఒక్కో ముడతా గీశాడు. ఆ మట్టిబొమ్మకు అచ్చు తీసి, అందులో రెజిన్ అనే ప్లాస్టిక్ ద్రవం పోసి, గట్టిపడ్డాక నన్ను బయటికి లాగాడు. పొట్ట కింద ఎండిన బురద మరకలు కూడా మర్చిపోకుండా వేశాడు. ఇంత శ్రద్ధగా చేసినవాడు డబ్బాలో సర్దేటప్పుడు మాత్రం రెండు కాగితం ఉండలు కుక్కి చేతులు దులుపుకున్నాడు. మనుషుల తీరే అంత. సముద్రాలు దాటి ప్రొద్దుటూరు చేరేసరికి నా ఎడమ దంతం పొడిపొడి అయిపోయింది.

డబ్బా విప్పినవాడు కాళహస్తాచారి. కంసాలుల ఇంట పుట్టి, బంగారం పని వదిలేసి, పళ్ల డాక్టర్లకు కట్టుడు పళ్లు చేసిచ్చే పనిలో స్థిరపడ్డాడు. ఏనుగుల పిచ్చి ఏమిటని ఎవరైనా అడిగితే, ఏనుగు దంతాలు కూడా పళ్లే కదా, ఇంతకు మించిన పళ్లు ఎవరికున్నాయి అనేవాడు. విరిగిన దంతం చూసి ముందు మొహం మాడ్చుకున్నాడు. తర్వాత "దీనికేముందిలే, దినామూ చేసే పనే గదా" అనుకుని, మనుషుల పళ్లకు వాడే పొడినే కలిపి నాకు కొత్త దంతం కట్టాడు. అరగదీసి, మెరుగుపెట్టి, టీ డికాషన్‌తో పాతరంగు ఎక్కించాడు. నిజం చెప్పాలంటే చలిదేశపు దంతం కంటే ప్రొద్దుటూరు దంతమే నాకు బాగా కుదిరింది.

అద్దాల బీరువాలో అప్పటికే మా బంధువర్గం కొలువుదీరి ఉంది. ఒళ్లంతా బొచ్చున్న మామత్, నేలను తాకే దంతాల స్టెగోడాన్, పారలాంటి దవడున్న ప్లాటీబెలోడాన్, ఏదో దీవిలో బతికిన మరుగుజ్జు ఏనుగు. అందరం నలభయ్యో వంతే. కొలత తప్పిన బొమ్మ ఎంత అందంగా ఉన్నా ఆచారి ఇంట్లోకి రానివ్వలేదు. మా పక్కన నిలబెట్టి చూసుకోవడానికి, చిగుళ్లకు వాడే గులాబిరంగు సరుకుతో ఒక చిన్న మనిషిని కూడా చేసుకున్నాడు. పొద్దున్నే కాఫీ తాగి, మెత్తటి బ్రష్షుతో మా దుమ్ము దులిపి, ఆ మనిషిని ఒక్కొక్కరి పక్కనా నిలబెట్టి పేరు చెప్పేవాడు. నా దగ్గరికి వచ్చేసరికి బొటనవేలితో కట్టుడు దంతాన్ని నిమిరి, "డైనోథీరియం. కింది దవడ దంతాలు" అనేవాడు. ఆ ఊళ్లో నన్ను నా పేరుతో పిలిచే నోరు అదొక్కటే. వంటింట్లోంచి ఆయన భార్య ఈశ్వరమ్మ "అయిందా హాజరు?" అని కేకేసేది.

ఈశ్వరమ్మకు మా మీద కోపమేమీ లేదు. తొండం ఉన్నదల్లా ఆమెకు వినాయకుడే, అక్కడే నాకు ఒళ్లు మండేది. ప్రతి చవితికీ మా నుదుటన కుంకుమ పెట్టేది. ఆయన దూది స్పిరిట్‌లో ముంచి తుడిచేవాడు.

"రంగు పాడయితాది ఈశ్వరీ."

"బొట్టు లేక మొహాలు బోసిగా ఉండాయి. నేనేం చేసేది?"

పిల్లలు లేని ఆ ఇంట్లో ఆ తగవు లేకుండా పండగ పూర్తయ్యేది కాదు.

ఒక చవితికి ఆయన బొట్టు తుడవలేదు. మర్నాడూ తుడవలేదు. ఈశ్వరమ్మే రెండు మూడుసార్లు బీరువా వైపు చూసి, చివరికి తన కొంగుతో తనే తుడిచింది. ఆ తర్వాత మరుగుజ్జు ఏనుగు పేరు పోయింది. "ఇది దేని పిల్ల?" అని అడిగాడు. కొన్నాళ్లకు స్టెగోడాన్ పోయింది, ప్లాటీబెలోడాన్ పోయింది. పై దవడకు చేయాల్సిన పళ్లు కింది దవడకు చేసి పంపాడని డాక్టర్లు పని ఇవ్వడం మానేశారు. మతిమరుపు జబ్బు, నయమయ్యేది కాదు అని పెద్దాసుపత్రిలో చెప్పారు. మామత్ పేరు పోయాక కూడా నా పేరు మిగిలింది. వేలు దంతానికి తగిలితే చాలు, ఎక్కడి నుంచో తడుముకుంటూ వచ్చేది. నాకు గర్వంగా ఉండేది, సిగ్గు విడిచి చెబుతున్నాను. తర్వాత అదీ రాలేదు. ఆ వెనకే ఈశ్వరమ్మ పేరు కూడా పోయింది. ఆమె అన్నం కలిపి పెడుతుంటే "ఎవురమ్మా నువ్వు?" అన్నాడు. ఆమె ఇంకో ముద్ద పెట్టింది.

అప్పుడు వచ్చాడు ఆమె తమ్ముడు మద్దిలేటి. వాస్తు తెలిసినవాడినని అతని నమ్మకం. బీరువా ముందు నిలబడి మమ్మల్ని తేరిపార చూశాడు.

"అక్కా, వీటి దంతాలు చూసినావా? కిందికి తిరిగినాయి, మనిషిని కిందికే లాగుతాయి. అన్నీ సచ్చి సున్నమయిన జాతులు. ఇట్లాంటివి ఇంట్లో పెట్టుకుంటే బావకు బాగుంటాదా? పారే నీళ్లల్లో వదిలెయ్."

"ఇవంటే ఆయనకు పానం రా."

"ఆ పానం తీస్తాండేదే ఇవి."

ఆమె వెంటనే ఒప్పుకోలేదు. మందులు అయిపోయాయి, మొక్కులు అయిపోయాయి. ఇంకేమీ మిగలలేదు కాబట్టి ఒక మంగళవారం మమ్మల్ని పాత తువ్వాలులో మూట కట్టింది. నేను ఆయన్ని కిందికి లాగడం లేదు తల్లీ, నాకు చేతనైనంత పట్టుకుని ఉన్నాను అని చెప్పాలని ఎంత కొట్టుకున్నానో. దంతాలు ఎంత బాగా చెక్కినా బొమ్మ నోట మాట రాదు.

ఆయన్ని ఒంటరిగా వదల్లేక వెంట తీసుకొచ్చింది. గులాబి మనిషి ఆయన గుప్పిట్లోనే ఉన్నాడు. వాడికి తొండం లేదు కనుక దోషం అంటలేదట. ఆటో దిగి చూస్తే పెన్నలో నీళ్లు లేవు, కనుచూపు మేర ఇసుకే. పారే నీళ్ల కోసం ఆమె చాలాసేపు అటూ ఇటూ తిరిగింది. ఆఖరికి ఎవరో నీళ్ల కోసం తవ్వి వదిలేసిన చెలమ కనిపించింది. అడుగున చెంబెడు నీళ్లు. మమ్మల్ని ఆ గుంటలోకి ఒక్కొక్కరినే దింపి, పసుపు కుంకుమ చల్లి, కళ్లు మూసుకుని దండం పెట్టుకుంది.

ఆయన అంచున కూలబడి నా వైపు చూశాడు. గుప్పిట విప్పి, వంగి, గులాబి మనిషిని నా పక్కన తడి ఇసుకలో నిలబెట్టాడు. బొటనవేలు నా దంతాన్ని నిమిరింది.

"డైనోథీరియం" అన్నాడు. "కింది దవడ దంతాలు. ఎడమది నేను కట్టిందే, ఈశ్వరీ."

ఆమె దండం పెట్టిన చేతులు అలాగే ఉండిపోయాయి. తర్వాత భోరున ఏడ్చింది.

"నా పేరు పలికినాడు! వదుల్తానే పలికినాడు! మద్దిలేటి చెప్పింది నిజమే, దోషం పాయ. లెయ్యండి, పోదాం. ఎనక్కి తిరిగి చూడగూడదు."

ఆయన చూడబోయాడు. ఆమె ఆయన గడ్డం పట్టుకుని, పసిపిల్లాడికి తిప్పినట్టు, మెల్లగా మొహం అటు తిప్పింది. కొత్తగా పెళ్లయినదానిలా నవ్వుతూ, ఏడుస్తూ, చెయ్యి పట్టుకుని నడిపించుకుపోయింది. నేను ఆమె మొహంలో అంత సంతోషం ఎప్పుడూ చూడలేదు. చూసి భయపడ్డాను.

ఇప్పుడు చెలమ గోడలు రోజూ కాస్త కాస్త జారుతున్నాయి. మరుగుజ్జు ఏనుగు ఇప్పటికే కనిపించదు. గులాబి మనిషి పక్కకు ఒరిగాడు. మావాళ్ల ఎముకలు ఇలాగే ఇసుక కింద పడి రాళ్లయ్యాయట. నేను రెజిన్‌ను, నాకు ఆ యోగం కూడా లేదు. ఆమె నన్ను వెతుక్కుంటూ వస్తుందని కొన్నాళ్లు అనుకున్నాను. దోషం వదిలేసిన చోటికి ఎవరూ తిరిగి రారు.

అక్కడ ఇంట్లో, పొద్దున్నే ఆయన కాఫీ తాగి, బ్రష్షు పట్టుకుని ఖాళీ బీరువా ముందు నిలబడుతూ ఉంటాడు. వంటింటి గడపలో ఆమె తన పేరు వినపడుతుందని చెవి రిక్కించుకుని ఉంటుంది.