చన్నీళ్ళ బకెట్

స్టవ్ మీద వేణ్ణీళ్ళు మరుగుతున్నాయి. కోడలు మాత్రం స్నానాలగది గడియ పెట్టుకుని చన్నీళ్ళ బకెట్ ముందు కూర్చుంది. నెత్తుటి మరక మీద వేణ్ణీళ్ళు పడితే ఇక చచ్చినా వదలదు. ఆస్పత్రి లాండ్రీలో ఆరేళ్ళుగా దుప్పట్లు ఉతుకుతున్న మనిషికి ఆ సంగతి ఒకరు చెప్పాలా?

పొద్దుటి నుంచి ఇది ఐదో గుడ్డ. ఇంకా నీళ్ళలో వెయ్యలేదు. బరువు చేతికి తెలుస్తోంది.

కాన్పయి పదకొండు రోజులు. గర్భసంచిలో నిమ్మకాయంత గడ్డ ఉందని మూడో నెలలోనే స్కానింగులో తేలింది. నెలలు నిండేసరికి అది కమలాపండంత అయింది. కాన్పునాడు ఆ గడ్డ వల్లే సంచి సరిగ్గా ముడుచుకోక, రక్తం ఆగడానికి గంట పట్టింది. "మళ్ళీ మొదలైతే వెంటనే రా. సంచి తియ్యాల్సి వచ్చినా రావచ్చు," అంది డాక్టరమ్మ. ఆ మాట ఇంట్లో ఎవరికీ చెప్పలేదామె. ఇరవై నాలుగేళ్ళకే సంచి తీయించుకోవడమా?

తలుపు దబదబలాడింది.

"ఏమే, లోపల కాపురం పెట్టావా? పిల్ల పాలకి గుక్కపట్టింది!"

"వస్తున్నా అత్తయ్యా!"

లేస్తే గోడలు గిర్రున తిరిగాయి. గుడ్డ వెనక్కి దాచి గడియ తీసింది. అత్త చూపు తిన్నగా బకెట్ మీద పడింది. అదే లాండ్రీలో ముప్పై ఏళ్ళు చేసిందావిడ.

"వేణ్ణీళ్ళు పెట్టుకుని చన్నీళ్ళెందుకే?... ఎన్నాళ్ళ నుంచి?"

"మూడ్రోజులు."

"మిగతా గుడ్డలేవి?"

"ఉతికేశాను."

"నీ పనితనం తగలెయ్య! ఎంత పోయిందని డాక్టరమ్మ అడిగితే తెల్లటి గుడ్డలు చూపిస్తావా?"

"సంచి తీసేస్తారత్తయ్యా..." కోడలు గుమ్మంలోనే కూలబడింది.

అత్త చంకలోని పిల్లని భుజానికి మార్చుకుంది. "నువ్వు పోతే దీన్ని నేను పెంచాలే. నా నడుం సంగతి నీకు తెలీదూ?" అంది. కోడలు వెనక దాచిన గుడ్డని లాగి, పిండకుండా కవర్లో వేసింది.

ఆస్పత్రిలో నర్సు, "ఎంత పోతోందమ్మా?" అంది. అత్త కవరు చేతికిచ్చింది. నర్సు మరో ప్రశ్న వెయ్యకుండా స్ట్రెచర్ కోసం పరుగెత్తింది.

స్ట్రెచర్ మీద పరిచిన దుప్పటి తమ లాండ్రీదే. ఇస్త్రీ మడత ఇంకా చెదరలేదు. దాని అంచు నెమ్మదిగా నెత్తుటికి ఎర్రబడటం కోడలు తల తిప్పి చూసింది.

"డాక్టరమ్మా, సంచి..."

"ముందు నిన్ను దక్కించుకోనీ తల్లీ."

ఆపరేషన్ గది తలుపు మూసుకుంది. బయట పిల్ల ఏడుపు, దాన్ని ఊరుకోబెడుతున్న అత్త గొంతు. కళ్ళు మూతలు పడుతుంటే, రెంటిలో ఏది ఏదో ఆమెకి తెలియలేదు.