పున్నక్కాడులో చెరుంపాల జోలపాట

మా పాప మిన్‌హా ఒకే ఒక్క పాటకి నిద్రపోతుంది. ఆ పాట మా అత్తవారి ఊరు పున్నక్కాడులో ఎవరూ పాడకూడదు.

తప్పంతా మా నాన్నది. కాన్పుకి నేను పుట్టింట్లో ఉన్న మూడు నెలలూ మనవరాలిని భుజాన వేసుకుని, వీపు తడుతూ, తనకి వచ్చిన ఒక్క పాటా పాడాడు. ముప్పై ఏళ్ళు ఫుట్‌బాల్ గ్యాలరీలో డోలు కొట్టిన మనిషికి జోలపాటలెలా వస్తాయి? "బంతి ఎవరిది? చెరుంపాలది. వల ఎవరిది? వాళ్ళది." మా పుట్టింటి ఊరు చెరుంపాల జట్టు కేక అది. పోయినేడు ఫైనల్లో ఓడి ఇళ్ళకి పోతున్న పున్నక్కాడు వాళ్ళకి దారంతా వెనక నుంచి వినిపించింది కూడా అదే.

ఇక్కడికి వచ్చాక గది తలుపు గడియ పెట్టి, బిడ్డ చెవి దగ్గర నోరు పెట్టి పాడుతున్నాను. ఐదు నెలలైంది. మా అత్త బీపాతుమ్మకి తెలిస్తే ఇంకేమైనా ఉందా? చనిపోయిన మామ పున్నక్కాడు గోల్‌కీపర్. ఆవిడ చెరుంపాల పేరు కూడా పలకదు, "మీవాళ్ళ ఊరు" అంటుంది.

ఈ ఏడూ ఫైనల్ ఆ రెండు ఊళ్ళకే. ముందురోజు సాయంత్రం టీవీ వాళ్ళు బడి మైదానంలో వేదిక కట్టి, అభిమానుల ర్యాలీ ప్రత్యక్షంగా చూపిస్తామన్నారు. మూడు తరాల అభిమానులని మమ్మల్ని ముందు వరసలో కూర్చోమన్నారు. అత్త ఇన్నాళ్ళూ దాచుకున్న మామ ఆకుపచ్చ చొక్కా కత్తిరించి మిన్‌హాకి గౌను కుట్టించింది.

"ఉమ్మా, డోళ్ళ మోతకి బిడ్డ జడుసుకుంటుందేమో," అన్నాను అత్తతో.

"దీని తాత అంతకన్నా మోతలో గోల్స్ ఆపాడు. చెవుల్లో దూది పెట్టు."

"ఎండకి ఒళ్ళు పేలిపోతుంది ఉమ్మా."

"పిల్లా, భయపడటానికి నీకు రోజూ ఏదో ఒకటి కావాలి."

నా భర్త రషీక్‌కి పాట సంగతి తెలుసు. "నిద్రవేళకి ముందే వచ్చేద్దాంలే," అని గొణిగాడు.

మైదానం నిండా ఆకుపచ్చ జెండాలు. టీవీ అమ్మాయి వచ్చి నా చున్నీకి చిన్న మైకు తగిలించింది. "అక్కా, రేపు గెలిచేదెవరు?" అంది. "పున్నక్కాడే," అన్నాను. అబద్ధమని నా గొంతుకే తెలిసిపోయింది. ఆ అమ్మాయి మైకు తీయడం మరిచిపోయి బ్యాండు వాళ్ళ దగ్గరికి వెళ్ళింది.

ఇరవై డోళ్ళు ఒక్కసారిగా మోగాయి.

మా పిల్ల అందరు పిల్లల్లా ఏడవదు. ఊపిరి బిగబట్టేస్తుంది. ముఖం కందిపోయి, పెదవులు నల్లబడతాయి. నీళ్ళు చిలకరించాను, గిలక్కాయ ఆడించాను. అత్త తాళాల గుత్తి ఊపింది. రషీక్ పిల్లిలా అరిచాడు. ఊపిరి తిరగలేదు. ఇక నాకు ఊరూ జట్టూ గుర్తు లేవు. కెమెరాకి వీపు పెట్టి, తడుతూ పాడాను. సరిగ్గా అప్పుడే డోళ్ళు ఆగాయి.

"బంతి ఎవరిది? చెరుంపాలది," అని నాలుగు లౌడ్‌స్పీకర్లలోంచి నా గొంతు వినిపించింది.

ఊగుతున్న జెండాలు ఆగిపోయాయి.

"ఎవరది?" అన్నారు వెనక.

"బీపాతుమ్మ కోడలు."

"శత్రువుని ఇంట్లో పెట్టుకుని మనకి జెండాలు పంచుతోందా ఆవిడ?"

ఆపాలి. కానీ మిన్‌హా అప్పుడే కాస్త గాలి పీల్చుకుంది. కళ్ళు మూసుకుని రెండో మాట కూడా పాడేశాను. "వల ఎవరిది? వాళ్ళది." బిడ్డ నా భుజం మీద బరువుగా వాలిపోయింది.

అత్త బిడ్డ ముఖం చూసింది, నా ముఖం చూసింది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"వచ్చినప్పటి నుంచీ, ఉమ్మా."

"గది తలుపు గడియ దీనికా? నేనింకేదో అనుకుని ఆ వైపే రావడం మానేశాను."

అదీ నాలుగు లౌడ్‌స్పీకర్లలో వినిపించింది. రషీక్ జెండాతో ముఖం కప్పుకున్నాడు. మైదానం పగలబడి నవ్వింది.

అత్త నా చున్నీ నుంచి మైకు పీకి నోటి దగ్గర పెట్టుకుంది. "చెరుంపాల వాళ్ళూ, వింటున్నారా? మీ కేకని మా ఇంట్లో పిల్లని పడుకోబెట్టడానికి వాడుతున్నాం. రేపు గట్టిగా అరవండి. ముందు మీ గోల్‌కీపరే కునుకు తీస్తాడు."

ఆవిడ ఆ ఊరి పేరు పలకడం నేను వినడం అదే మొదటిసారి. ఊరంతా ఆ కేకని జోలపాటలా సాగదీసి పాడటం మొదలుపెట్టింది. నేనూ నవ్వాను. లోపల కాస్త చురుక్కుమంది కూడా, ఎంతైనా మా ఊరిది కదా.

ఫోను మోగింది. నాన్న.

"పడుకుందా?"

"పడుకుంది, ఉప్పా."

"తట్టడం ఆపకు, సగంలో లేస్తుంది. మీ అత్తకి చెప్పు, రేపు రెండు డోళ్ళు తెస్తున్నానని."

ఫోను పెట్టేసి చూస్తే అత్త బిడ్డని తన ఒళ్ళోకి తీసుకుని వీపు తడుతోంది.

"దరువు తప్పుతోంది ఉమ్మా," అన్నాను మెల్లగా.

"నాకు నేర్పకు."

మిన్‌హా కదిలింది. అత్త చెయ్యి ఆగింది. చుట్టూ ఒకసారి చూసి, నా వైపు వంగింది.

"మూడో దెబ్బ ఎక్కడ వెయ్యాలే?"