తెల్లపూల దగ్గర మీసాలోడు

మా అన్న యెఫీంకి మీసం మొలవదు. పాపం, అది అతని తప్పేమీ కాదు. కానీ ఆ యేడు గడ్డి కోతల్లో అదే కొంపమీదికి వచ్చింది.

మా వదిన ఉల్యానా పుట్టిల్లు కామా నదికి అవతల. అక్కడ ఆమె అక్క కాలు విరిగి మంచాన పడింది. అందుకని వదిన రోజూ కంచె దగ్గర నిలబడి ఫోన్లో ఆమెకు కబుర్లు చెప్పేది. ఒక మధ్యాహ్నం అన్నా నేనూ పాక వెనక కొడవళ్ళు నూరుకుంటుంటే ఆ మాటలు మా చెవిన పడ్డాయి.

"మీసాలోడు ఇవాళ కూడా వచ్చాడే అక్కా! పసుపు చొక్కా, నల్ల చారలు. నడుమెంత సన్నమో! ఎండెక్కాకే వస్తాడు, ఆ తెల్లపూల దగ్గరికే. నన్ను చూసినా కదల్డు."

అన్న చేతిలో సానరాయి ఆగిపోయింది.

"విన్నావటే, గ్లాషా?"

"విన్నా. ట్రాక్టరు తోలే మీసాల సవేలీ కాదు కదా?" నా నోరు ఊరుకోదు.

"వాడికి పసుపు చొక్కా ఉందా?"

"పండగలకి వేస్తాడు."

ఇంక చూడాలి మా అన్న అవస్థ! క్యాబేజీ సూపులో ఉప్పు తగ్గితే "మనసెక్కడుందో!" అని గొణుక్కునేవాడు. సవేలీ ఎదురుపడితే అతని మీసం వంకే గుర్రుగా చూసేవాడు.

"వదిననే అడిగెయ్యి అన్నయ్యా" అన్నాను.

"అడిగితే మాత్రం నిజం చెబుతుందా?"

మర్నాడు పొద్దున్నే కంచె పక్కన మనిషెత్తు పెరిగిన తెల్లపూల మొక్కలన్నీ కోసి పారేశాడు. దొంగచాటుగా కలుసుకోడానికి చాటు లేకుండా చేశానని అతని ధీమా. పాలు పితికి వచ్చిన వదిన బకెట్టు కింద పెట్టేసింది.

"ఇదేం పనయ్యా! ఇంక మీసాలోళ్ళు ఎక్కడికొస్తారు?"

"ఓహో, ఒకడు కాదన్నమాట! చెప్పు, అందులో సవేలీ ఉన్నాడా?"

వదిన వంగి, కోసిన పూలలో వెతికి, ఒక పురుగుని తీసి అతని అరచేతిలో పెట్టింది. పసుపు ఒళ్ళు, నల్ల చారలు, తలమీద పొడుగాటి మీసాలు.

"ఇది కట్టెలుకొట్టేవాడు కదే!" అన్నాడు అన్న. మా ఊళ్ళో దాన్ని అలాగే అంటాం.

"మా వైపు మీసాలోడంటాం."

అన్న పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను, ఇల్లు నిలబడింది కదా అని. వదిన నవ్వలేదు.

"ఎప్పట్నుంచి అనుకుంటున్నావిలా?"

"పోనీలేవే, తేలిపోయిందిగా."

"అలా అనుకుంటూనే నా చేతి కూడు తిన్నావు. నా పక్కనే పడుకున్నావు. ఒక్క మాట అడగలేకపోయావా?"

వదిన ఫోను తీసింది.

"అక్కా, రేపటి పడవకి వస్తున్నా. చూసి పోడానిక్కాదు. నీ మంచం పక్కన నాకు చోటుంటుందా?"