అత్తగారి ఫోన్లో చీమలు

కాపురానికి వస్తూ నేను తెచ్చుకున్న సామానులో మా అత్తగారికి నచ్చనిది ఒక్కటే, చీమలున్న గాజుపెట్టె. చదువుకునే రోజుల్లో వాన వెలిసిన ఒక సాయంత్రం, హాస్టల్ మెట్ల మీద రెక్కలు రాల్చుకున్న రాణిచీమ ఒంటరిగా కనిపిస్తే తెచ్చి పెంచుకున్నాను. ఆ ఒక్కదాని కడుపున ఇప్పుడింత సంసారం.

"వంటింట్లో నేను చీమలమందు చల్లుకుంటుంటే, పక్కగదిలో నువ్వు తేనె పెట్టి మేపుతావా?" అన్నారు అత్తగారు.

ఆవిడ ప్రసూతి ఆసుపత్రిలో పెద్ద నర్సు. కాన్పుల గదిలో చెల్లినట్టే ఇంట్లోనూ ఆవిడ మాట చెల్లుతుంది.

"నేను ఆ గది గుమ్మం తొక్కను. కానీ అక్కడ ఏం జరుగుతోందో ఎప్పుడు కావాలంటే అప్పుడు నా ఫోన్లో కనబడాలి. వారం చూస్తాను. నమ్మకం కుదిరితే ఉంటాయి. లేదా, పెట్టె మీ పుట్టింటికి."

మర్నాడే మా ఆయనా నేనూ కెమెరాల దుకాణంలో ఉన్నాం.

"కొత్త జంటలా ఉన్నారు. ప్రయాణాలకా అండీ?" అన్నాడు దుకాణదారు.

"చీమలకండీ. రోజంతా లైవ్ పెట్టాలి," అన్నాను.

అతను మా ఆయన ముఖంలోకి చూశాడు. ఈయన ఏమాత్రం నవ్వకుండా, "రాణిగారు కూడా ఉంటారండీ," అన్నాడు. నవ్వాపుకోవడానికి నేను అటు తిరగాల్సి వచ్చింది.

మొదట ఇళ్ళకు కాపలా పెట్టే కెమెరా చూపించాడు. గది నాలుగు మూలలూ పడతాయట. మా దొంగలు ఆవగింజంత ఉంటారు మరి. పరీక్షించడానికి చీమంతది ఏదైనా కావాలి. మా ఆయన మణికట్టు మీద చక్కని పుట్టుమచ్చ ఉంది. "చెయ్యి ఇటివ్వు," అన్నాను. పెళ్ళయ్యాక ఆ మాట అనడానికి ఏ వంక దొరికినా వదలను.

ఆ కెమెరాలో మచ్చ దుమ్ములా ఉంది. తర్వాత ఖరీదైనది తెచ్చాడు.

"ఇది చాలా తెలివైందమ్మా. దేన్ని చూడాలో దానికే తెలుసు."

దాని ముందు చెయ్యి కాస్త కదిపితే చాలు, మచ్చ మసకబారి, తేరుకుని, మళ్ళీ మసకబారుతోంది. వెనకాల దుకాణదారు ముఖం కనబడగానే మచ్చను వదిలేసి అతన్నే చూడసాగింది.

"అంత తెలివి మాకొద్దండీ," అన్నాడు మా ఆయన.

సూక్ష్మదర్శినిలాంటి మరోదానిలో మచ్చ మీది వెంట్రుక తాటిమాను అంత కనిపించింది. దానిలో చీమ ముఖం చూస్తే అత్తగారు పెట్టెతో పాటు నన్నూ పంపించేస్తారు.

చివరికి కింది అరలోంచి పాత కంప్యూటర్ కెమెరా ఒకటి తీశాడు. దాని అద్దాన్ని వేళ్ళతోనే తిప్పుకోవాలి. మా ఆయన కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అమరుస్తాడు. వేళ్ళ కొసలతో అలా అలా తిప్పాడు. మచ్చ నిండుగా, స్పష్టంగా తేలింది. ఇక చెదరలేదు.

"ఇలా ఎంతసేపు పట్టుకుంటావు?" అన్నాడు నా చేతిలోని తన చేతిని చూసి.

"జీవితాంతం."

దుకాణదారు హఠాత్తుగా అరలు సర్దుకోవడం మొదలుపెట్టాడు.

చీమల కంటికి ఎరుపు ఆనదు కాబట్టి బల్బుకు ఎర్ర కాగితం చుట్టాం. కెమెరాను పెట్టెకు తగలకుండా నిలబెట్టాం. అత్తగారి ఫోన్లో ప్రసారం మొదలైంది. ఆవిడ ఆసుపత్రి నుంచి ఫోన్లు చేయడమూ మొదలైంది.

"మూలనున్నది కదలడం లేదేం?"

"నిద్రపోతోందండీ."

"పట్టపగలు నిద్రేమిటి, దానికి చెప్పేవాళ్ళు లేరా?"

వారం ముగియబోతుండగా, తనకు సెలవున్న ఒక మధ్యాహ్నం అత్తగారు భోజనాల బల్ల దగ్గర నుంచి పిలిచారు. "అమ్మాయ్, ఇటు రా. ఏదో గలాటా జరుగుతోంది."

పరుగున వెళ్ళి ఆవిడ ఫోన్ అందుకుని చూశాను. బియ్యపుగింజలాంటి గూడు చుట్టూ చీమలు మూగాయి. ఒకటి దాని కొసను మెల్లగా కొరికి విప్పుతోంది.

"లోపల పిల్లచీమ ఉందండీ. బయటికి తీస్తున్నాయి."

అత్తగారు కళ్ళజోడు పెట్టుకున్నారు. నా చేతిలోని ఫోన్ మీదికి వంగారు.

"తలే ముందొస్తోందా?"

"తలేనండీ."

"మంచిది." తర్వాత ఆవిడ గొంతు మారింది. కాన్పుల గదిలో ఎలా ఉంటుందో అలా మారి ఉంటుంది. "లాగకండే. తొందరేం లేదు. దాన్ని రానివ్వండి."

వచ్చింది. పాలు కలిపిన తేనె రంగులో, కాళ్ళన్నీ ముడుచుకుని, లోపలి వెలుగు బయటికి కనిపిస్తున్నంత లేతగా. ఒక చీమ దాని ముఖం నాకింది. ఇంకొకటి ముడుచుకున్న కాళ్ళను ఒక్కొక్కటిగా సాగదీసింది. ఇన్నేళ్ళు పెంచానే గానీ ఇది నేనూ ఎప్పుడూ ఇంత దగ్గరగా చూడలేదు.

"తుడుస్తున్నారు," అన్నారు అత్తగారు నెమ్మదిగా. "మేమూ ముందు ముఖమే తుడుస్తాం. వీళ్ళకెవరు నేర్పారే?"



ఆవిడ లేచి కుళాయి దగ్గరికి వెళ్ళారు. సబ్బుతో మోచేతుల దాకా చేతులు కడుక్కున్నారు, పనిలోకి దిగేముందు కడుక్కున్నట్టే. తుడుచుకుని, చీమల గది గుమ్మం దాటి లోపలికి వెళ్ళారు.

ఆవిడ ఫోన్ నా చేతిలోనే ఉంది. కెమెరా చూపు పిల్లచీమ మీద నుంచి చెదరలేదు. గాజుకు అవతల, ఎర్రని వెలుతురులో, ఆవిడ ముఖం ఉదయిస్తున్న చంద్రుడిలా మసకగా పైకి వచ్చి నిలిచింది. తన ఊపిరి తగలకుండా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

అంతలో నా ఫోన్ మోగింది, కళ్ళద్దాల దుకాణం నుంచి మా ఆయన. తనూ చూస్తున్నాడన్నమాట.

"పెట్టె వెనకాల ఉన్నది అమ్మేనా?" అన్నాడు గుసగుసగా, ఎక్కడ వినబడి చీమలు ఉలిక్కిపడతాయో అన్నట్టు.

"మాట్లాడకు," అన్నాను నేనూ గుసగుసగానే. "చూడు."