పక్కవాడి మగ్గాలు

సాయిప్రియ ఆ రోజు నోరు మూసుకుని ఉంటే ఈ కథే లేదు. మూసుకోలేదు మరి.

మగ్గాల మీద కెమెరాలు పెట్టి, ఏ కార్మికుడు ఎంతసేపు తన చోట నిలబడ్డాడో లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ ఆమె కంపెనీ సరుకు. మగ్గాల పనివాళ్లుండే బమ్రోలి ఒంటిగది ఇళ్ల నుంచి అలాంటి ఏసీ ఆఫీసులో అడుగుపెట్టిన మొదటి పిల్ల ఆమే. తండ్రి దశరథం జగిత్యాల పక్క పల్లె నుంచి వలస వచ్చి, ఇరవై రెండేళ్లుగా పాండేసరాలో ఒక బట్టల కార్ఖానాలో మగ్గాలు నడుపుతున్నాడు. ఖర్మ కాకపోతే, కంపెనీ కెమెరాలు మొట్టమొదట బిగించింది కూడా ఆ కార్ఖానాలోనే.

మొదటి వారం రిపోర్టులోనే దశరథం పేరు ఎర్రగా వచ్చింది. రోజుకు ఏడెనిమిదిసార్లు తన చోట లేడట. ఎలా ఉంటాడు? ఏళ్ల తరబడి ఆ దుమ్ము పీల్చిన మనిషి. దమ్ము అందక బయట మెట్ల మీదికి పోయి కూర్చుంటాడు. ఆ కాసేపూ పక్క మగ్గాల పరమేశ్వర్ అటూ ఇటూ పరుగెత్తి ఇద్దరి మగ్గాలూ చూస్తాడు. ఒకడు బీడీకి పోతే ఇంకొకడు చూసుకోవడం అక్కడ అలవాటే. దానికి అడగడాలూ, మెచ్చుకోవడాలూ ఉండవు.

ఎర్ర పేర్లవాళ్లను నెలాఖరుకు తీసేస్తానన్నాడు కార్ఖానా యజమాని సేఠ్. సాయిప్రియ మీటింగులో మేనేజర్ అభిషేక్ ముందు లేచి నిలబడింది.

"సార్, మనిషి పక్కకు పోయినా మగ్గం ఆగలేదు కదా! పక్కవాడు చూస్తాడు. నడుస్తున్న మగ్గానికి తప్పెలా పడుతుంది?" అంది హిందీలో. ఆ మనిషి తన తండ్రని మాత్రం చెప్పలేదు.

ఒకందుకు పోస్తే ఇంకొకందుకు తాగాడు ఆ మహానుభావుడు. "భలే పట్టుకున్నావ్! మగ్గం నడిస్తే దాని మనిషికి మార్కులు వెయ్యి. మరి ఆ పక్కవాడు తన చోటు వదిలినట్టే కదా? వాడికి కొయ్యి," అన్నాడు.

కొత్త కోడ్ ఆమె చేతే రాయించాడు. వద్దనొచ్చు. కానీ పరీక్షకు నడిపినప్పుడు తండ్రి పేరు పచ్చగా మారడం కళ్లారా చూశాక, కోడ్ అలాగే అప్పజెప్పేసింది.

నెలాఖరు సాయంత్రం దశరథం వచ్చి గోడకు చేరగిలబడ్డాడు.

"పరమేశ్వర్‌ను తీసేసిండ్రు బిడ్డా. జాగల నిలుస్తలేడని కెమెరా చెప్పిందట. వాని మగ్గాలు గూడ నాకే అప్పజెప్పిండ్రు. నేను మంచి కారీగర్‌నట, పనిమంతున్నట!" నవ్వబోయి దగ్గాడు. "గా కెమెరాలు మీ ఆఫీసోళ్లయేనట గద. జర మీ సారుకు చెప్పరాదు? వాడు ఉరికింది నా కోసమేనని."

"సారుకు ఎరుకే బాపూ. నేనే చెప్పిన," అంది. ఆ తర్వాత మిగతాదంతా ఒక్కటీ దాచకుండా చెప్పేసింది.

దశరథం లేచి చెప్పులేసుకుని, "నడు," అన్నాడు.

పరమేశ్వర్ ఉండేది అదే ఇంటి పై అంతస్తులో. సగం మెట్లు ఎక్కేసరికే దశరథం ఊపిరాడక కూలబడ్డాడు. ఆ దగ్గు విని పరమేశ్వర్ ఒక్క ఉరుకున దిగి వచ్చి వీపు నిమరసాగాడు.

"ఏందే అన్నా, మెట్లెక్కద్దని చెప్పలేదా నీకు? పిలిస్తే నేను రాకపోదునా? బిడ్డా, జర నీళ్లు తే."

సాయిప్రియ కిందికి పోయి నీళ్లు తెచ్చింది. కొంతసేపటికి దశరథానికి కాస్త ఊపిరి అందింది. పరమేశ్వర్ చెయ్యి ఇంకా వీపు మీదే ఉంది. దశరథం కూతురి వైపు చూసి, "నాకు చెప్పింది వీనికి గూడ చెప్పు," అన్నాడు.